చేతులు చూసి నేర్చుకున్న ఏడాది: మ్యూనిక్‌లో సరుకులు కొన్న అనుభవం

క్యాషియర్ నా టమాటాల సంచి పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. తరవాత నా వైపు చూసి ఏదో అడిగింది. నాకప్పటికి జర్మన్ రాదు. మళ్ళీ అడిగింది, ఈసారి కాస్త నెమ్మదిగా. నేను అలాగే నిలబడిపోతే కూరగాయల వైపు చెయ్యి చూపించింది. అక్కడ ఒక కాటా, దాని మీద నంబర్ల మీటలు. కూరగాయల బుట్ట మీద రాసిన నంబరు గుర్తుపెట్టుకుని, కాటా మీద సంచి పెట్టి, ఆ నంబరు నొక్కితే ధరతో స్టిక్కర్ వస్తుంది. అది అంటించుకుని రావాలి. కొన్ని షాపుల్లో క్యాషియరే తూస్తారు, ఈ షాపులో మనమే తూచుకోవాలి. ఇదంతా నాకు తరవాత తెలిసింది. అప్పుడైతే, నా వెనక నిలబడ్డ ఒక కుర్రాడు ఆ సంచి తీసుకుని గబగబా వెళ్ళి, తూచి, స్టిక్కర్ అంటించి తెచ్చి బెల్టు మీద పెట్టాడు. ఒక్క మాట మాట్లాడలేదు. నేను థాంక్స్ చెప్పేలోపే తన చోటుకి వెళ్ళి నిలబడ్డాడు.

అది 2022 ఫిబ్రవరి. ఉద్యోగం మీద జర్మనీలోని మ్యూనిక్ వచ్చి మూడు రోజులైంది. గీసింగ్ అనే పేటలో చిన్న ఫ్లాట్ దొరికింది. కోవిడ్ నిబంధనలు ఇంకా ఉన్నాయి. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో షాపులోకి వెళ్ళాలంటే ఎఫ్‌ఎఫ్‌పీ2 (ఎన్‌95 లాంటి) మాస్కు తప్పనిసరి. కళ్ళు తప్ప ఎవరి ముఖమూ కనబడదు. ఆ కళ్ళలో నవ్వుందో విసుగుందో పోల్చుకోలేను. అందుకేనేమో, ముఖాలు వదిలేసి చేతులు ఏం చేస్తున్నాయో గమనించడం అలవాటైంది. ఆ ఊరివాళ్ళ గురించి నాకు తెలిసినదాంట్లో చాలా భాగం షాపులో అలా చేతులు చూసి నేర్చుకున్నదే.

మొదట నేర్చుకోవాల్సి వచ్చింది బిల్లు కౌంటర్ దగ్గర. క్యాషియర్ కుర్చీలో కూర్చుని రెండు చేతులతో సరుకులు లాగేస్తూ ఉంటుంది. పాలు, పిండి, గుడ్లు, సబ్బు వరసగా వచ్చి పడతాయి. పెట్టుకోవడానికి అవతల జానెడు చోటు కూడా ఉండదు. సంచిలో సర్దేవాళ్ళు ఎవరూ ఉండరు. నేను ఒక్కొక్కటీ చూసి సర్దుకుంటూ ఉంటే నా సరుకులన్నీ కుప్ప పడిపోయేవి, వెనకవాళ్ళవి కూడా వచ్చేసేవి. చెమటలు పట్టేవి. షాపుకి వెళ్ళాలంటే నిజంగా టెన్షన్‌గా ఉండేది.

రెండు వారాలు చూశాక పద్ధతి అర్థమైంది. అక్కడ సర్దుకోకూడదు. క్యాషియర్ వదిలిన ప్రతి వస్తువునీ నేరుగా ట్రాలీలోకి తోసేయాలి, డబ్బు కట్టేయాలి, పక్కకి జరగాలి. కిటికీ వారగా ఒక పొడుగాటి బల్ల ఉంటుంది. దాని దగ్గర నిలబడి నిదానంగా, ఎంతసేపైనా సర్దుకోవచ్చు. బెల్టు మీద పెట్టేటప్పుడే బరువైనవి ముందు, మెత్తనివి చివర పెట్టుకోవాలి. మన సరుకులు అయిపోగానే వెనకవాళ్ళ కోసం ఒక చిన్న అడ్డుకర్ర పెట్టాలి. అది పెట్టినప్పుడల్లా వెనకాల నుంచి సన్నగా 'డాంకె', అంటే థాంక్స్, అని వినిపిస్తుంది. ఒక్క పాల ప్యాకెట్టు పట్టుకుని నిలబడ్డ మనిషిని ముందుకి పంపిస్తారు. ఇవన్నీ ఎక్కడా రాసి ఉండవు, చూసి నేర్చుకోవాలి. నా సమయం నాదే, క్యూలో ఉన్నంతసేపు మాత్రం అది అందరిదీ అన్నట్టు ఉంటుంది లెక్క.

ఈ వేగం వెనక ఒక చరిత్ర ఉంది. ఎస్సెన్ నగరంలో 1913లో ఆన్నా ఆల్బ్రెఖ్ట్ అనే ఆవిడ ఒక చిన్న కిరాణా కొట్టు పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తరవాత ఆవిడ కొడుకులు కార్ల్, థియో దాన్ని చేతిలోకి తీసుకున్నారు. తక్కువ రకాలు, తక్కువ మంది పనివాళ్ళు, అలంకారాలు లేవు, ధర మాత్రం తక్కువ. అదే ఆల్డీ. 1960ల మొదట్లో అన్నదమ్ములు దేశాన్ని ఉత్తరం, దక్షిణం అని పంచుకున్నారు. సిగరెట్లు అమ్మాలా వద్దా అన్న దగ్గర తేడా వచ్చిందని చెబుతారు. మ్యూనిక్‌లో ఉండేది దక్షిణం వాళ్ళది. బార్‌కోడ్ స్కానర్లు రాకముందు ఆల్డీ క్యాషియర్లు ధరలన్నీ కంఠతా పట్టి, చూడకుండా మీటలు నొక్కేవారట. ఇప్పుడు ప్యాకెట్ల మీద బార్‌కోడ్ పెద్దగా, ఒకటికి మించిన వైపుల ముద్రించి ఉంటుంది, తిప్పి వెతకాల్సిన పని లేకుండా. 1997లో వచ్చిన వాల్‌మార్ట్ 2006లో ఈ దేశం వదిలి వెళ్ళిపోయింది. ఈ ధరలతో పోటీ పడలేకపోవడం పెద్ద కారణం. తలుపు దగ్గర నవ్వుతూ పలకరించడం, సంచుల్లో సర్దిపెట్టడం ఇక్కడివాళ్ళకి ఇబ్బందిగా అనిపించిందని కూడా అంటారు. నాకా మాట నమ్మబుద్ధి అవుతుంది. తన సరుకు ఇంకొకరు ముట్టుకుని సర్దడం మా కింది ఇంటి పెద్దావిడకి ఎంత మాత్రం పడేది కాదు.

ఇంత తొందర మనుషుల్లో ఒక్కదానికి మాత్రం ఎవరూ తొందరపెట్టరు. ముసలివాళ్ళు చిల్లర లెక్కపెట్టేటప్పుడు. ఒక తాత పర్సు మొత్తం అరచేతిలో ఒంపుకుని, ఒక్కొక్క సెంటూ తీసి పెడుతూ ఉంటే వెనక ఏడుగురం నిలబడ్డాం. ఒక్కరు నిట్టూర్చలేదు. క్యాషియర్ కూడా వేళ్ళు ఆపి అలా చూస్తూ కూర్చుంది. నేను బాగా సేపు ఆలోచించాను దాని గురించి. సర్దుకోవడానికి పక్కన బల్ల ఉంది, డబ్బు లెక్కపెట్టడానికి వేరే చోటు లేదు. తప్పించుకోదగిన ఆలస్యం వేరు, తప్పనిది వేరు అని వాళ్ళకి బాగా తెలుసు.

పెద్దావిడ గురించి చెప్పాలి. ఎనభై దాటిన మనిషి, ఒంటరిగా ఉండేవారు. నన్నెప్పుడూ 'ఫ్రౌ', అంటే శ్రీమతి, అని ఇంటిపేరుతోనే పిలిచేవారు. ఆ ఏడాదంతా ఒక్కసారి కూడా పేరుతో పిలవలేదు, నేనూ అంతే. మా పరిచయం ఒక గుడ్డసంచితో మొదలైంది. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి నా తలుపు పిడికి సంచి తగిలించి ఉంది. అందులో నేను పొద్దున చెత్తడబ్బాలో పడేసిన ఆరు నీళ్ళ సీసాలు. పైన ఒక కాగితం. '6 × 0,25 = 1,50 యూరో' అని లెక్క, కింద 'ఫాండ్' అన్న మాట, దాని కింద రెండు గీతలు.

ఫాండ్ అంటే డిపాజిట్. ఒకసారి వాడి పారేసే సీసాకి, డబ్బాకి 25 సెంట్లు. మళ్ళీ కడిగి నింపే బీరు సీసాకి మామూలుగా 8 సెంట్లు, నీళ్ళ సీసాకి 15. ఖాళీవి షాపుకి తీసుకెళ్ళి గోడలో ఉన్న మెషీన్‌లో ఒక్కొక్కటీ పెడితే అది గుర్తు చదివి లోపలికి లాక్కుంటుంది. చివర్లో మీట నొక్కితే చీటీ వస్తుంది, అది కౌంటర్‌లో ఇస్తే బిల్లులో తగ్గుతుంది. డబ్బాని నలపకూడదు, నలిగితే మెషీన్ గుర్తుపట్టదు. పెరుగు అమ్మే గాజు సీసాకి కూడా డిపాజిట్ ఉంటుందని తెలిసి ఆశ్చర్యపోయాను. వైన్ సీసాలకి ఉండదు. అవి వీధి చివర పెద్ద డబ్బాల్లో రంగు ప్రకారం వేయాలి, తెల్లవి, ఆకుపచ్చవి, గోధుమరంగువి వేరువేరుగా. రాత్రిపూట, ఆదివారం వేయకూడదు. గాజు పగిలే చప్పుడుకి పక్కవాళ్ళ విశ్రాంతి చెడుతుంది కాబట్టి.

ఈ 25 సెంట్ల పద్ధతి 2003 జనవరి 1న వచ్చింది. అంతకుముందు 1991 నాటి ప్యాకేజింగ్ నిబంధనల్లోనే ఒక షరతు ఉంది. తిరిగి నింపే సీసాల వాటా 72 శాతం కన్నా తగ్గితే పారేసే సీసాలకి డిపాజిట్ వచ్చి పడుతుందని. వాటా తగ్గింది, షరతు అమలైంది. నేను వచ్చిన ఏడాది జనవరిలో ప్లాస్టిక్ జ్యూస్ సీసాలకి కూడా దాన్ని వర్తింపజేశారు. పాత సరుకు జూలై దాకా అమ్ముకోవచ్చన్నారు. అందుకని ఒకే షెల్ఫులో ఒకే కంపెనీ జ్యూస్ సీసాలు గుర్తుతో కొన్ని, గుర్తు లేకుండా కొన్ని ఉండేవి. పెద్దావిడ కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటి తిప్పి చూసేవారు. ఆవిడతో పాటు శనివారాలు షాపుకి వెళ్ళడం మొదలుపెట్టాక నాకు ధర చదవడం వచ్చింది. ప్రతి ధర కింద చిన్న అక్షరాల్లో కిలోకి ఎంత, లీటరుకి ఎంత అని రాసి ఉంటుంది. ఆవిడ పెద్ద అంకె వైపు అసలు చూసేవారు కాదు. "పెద్ద అంకె కంపెనీ వాళ్ళు వేసేది. చిన్నది చట్టం వేయించేది," అన్నారు ఒకసారి.

మార్చిలో నూనె మాయమైంది. ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలై వారాలు కాలేదు, పొద్దుతిరుగుడు నూనె షెల్ఫు ఖాళీ, పిండి షెల్ఫు ఖాళీ. 'ఒక ఇంటికి మామూలుగా సరిపడేంతే' అని కాగితాలు అంటించారు. ఇలా ఎగబడి కొనుక్కుని దాచుకోవడానికి జర్మన్‌లో 'హామ్‌స్టర్ కొనుగోలు' అని మాట ఉంది. బుగ్గల్లో గింజలు కుక్కుకునే ఆ చిట్టెలుక నుంచి వచ్చిన మాట. తిట్టులాగే వాడతారు. నేను రెండు సీసాలు ట్రాలీలో పెట్టుకుని మూడోది అందుకుంటుంటే పెద్దావిడ నా చెయ్యి పట్టుకోలేదు, ఏమీ అనలేదు. తను ఒకటే తీసుకున్నారు. నేను రెండోది వెనక్కి పెట్టేశాను.

ఆ సాయంత్రం ఆవిడ నన్ను సెల్లార్‌కి తీసుకెళ్ళారు. ప్రతి ఫ్లాట్‌కీ కింద ఒక చిన్న చెక్క గది ఉంటుంది. ఆవిడ గదిలో వరసగా సీసాలు, ప్లమ్ పండ్లు, చెర్రీలు, ఊరగాయలు, ప్రతి దాని మీదా సంవత్సరం. షాపులో ఒక్క సీసా తీసుకున్న మనిషి ఇంట్లో ఇంత నిల్వ. మొదట నాకు పొసగలేదు. తరవాత ఆవిడే చెప్పారు. తను పుట్టింది యుద్ధంలో. 1950 దాకా రేషన్ కార్డులు నడిచాయి. వాళ్ళమ్మ ఆ కార్డు పట్టుకుని నిలబడిన క్యూలు ఆవిడకి లీలగా గుర్తు. "పండినప్పుడు దాచుకోవాలి. కరువు వచ్చాక కాదు. అప్పుడు దాచుకుంటే అది ఇంకొకరి ఇంట్లోంచి తెచ్చుకోవడమే." ఆ రోజు నాకు ఒక ప్లమ్ సీసా ఇచ్చారు. సీసా ఖాళీ అయ్యాక కడిగి తిరిగి ఇవ్వాలని కూడా చెప్పారు.

ఆదివారాల సంగతి అందరూ చెప్పేదే. దాదాపు అన్ని షాపులూ మూతే, బేకరీలు కొన్ని గంటలు తెరుస్తారు. మొదటి ఆదివారం నా ఇంట్లో ఏమీ లేక ఆకలితో పెద్ద రైల్వే స్టేషన్‌కి వెళ్ళాను. ప్రయాణికుల కోసమని అక్కడి షాపుకి అనుమతి ఉంది. క్యూ బయటి దాకా ఉంది. నాకు ఆ రోజు కోపం వచ్చింది, నిజం చెప్పాలంటే. ఇంత డబ్బున్న నగరంలో ఆదివారం ఒక రొట్టె కొనుక్కోలేకపోవడం ఏమిటి అనిపించింది.

ఆ కోపం పోవడానికి కొంత చదవాల్సి వచ్చింది, కొంత వినాల్సి వచ్చింది. ఇది అలవాటు కాదు, రాజ్యాంగం. జర్మన్ రాజ్యాంగంలోని 140వ అధికరణం అంతకుముందటి, 1919 నాటి వైమార్ రాజ్యాంగంలోని కొన్ని అధికరణాలని తనలో కలుపుకుంది. వాటిలో 139వది ఆదివారం గురించి. ఆదివారం, ప్రభుత్వం గుర్తించిన పండగ రోజులు విశ్రాంతికి, మనసు ఉన్నతికి కేటాయించినవి, చట్టం వాటిని కాపాడుతుంది అన్నది దాని సారం. బెర్లిన్ రాష్ట్రం క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాలూ వరసగా షాపులు తెరవనిస్తే, 2009 డిసెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం అది కుదరదని తేల్చింది. మామూలు రోజుల వేళలకి అప్పుడు 1956 నాటి చట్టం ఉండేది. 2006 నుంచి ఆ అధికారం రాష్ట్రాలది. చాలా రాష్ట్రాలు వేళలు పెంచుకున్నాయి. బవేరియా పెంచుకోలేదు. మామూలుగా రాత్రి ఎనిమిదికి తలుపు వేయాల్సిందే.

పెద్దావిడ వయసులో ఉండగా కిరాణా షాపులో కౌంటర్ వెనక పని చేశారు. అప్పట్లో మామూలు రోజు సాయంత్రం ఆరున్నరకి, శనివారం మధ్యాహ్నం రెండుకి మూసేవాళ్ళట. "శనివారం మూడుకల్లా నేను ఈజార్ ఒడ్డున ఉండేదాన్ని, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని," అన్నారు. ఈజార్ మ్యూనిక్ మధ్యలోంచి పారే నది. అంతకుముందు దాకా నేను మూసిన తలుపుని బయట నిలబడే చూశాను. ఆ తలుపు లోపలినుంచి మూసుకుని నదికి వెళ్ళిపోయే ఒక ఇరవై ఏళ్ళ అమ్మాయి ఉంటుందని తోచలేదు. ఆ తరవాత శుక్రవారం సాయంత్రమే జాబితా రాసుకోవడం మొదలుపెట్టాను. చిత్రం ఏమిటంటే, ఆదివారం కొనేది ఏమీ లేదని తెలిశాక ఆదివారం చాలా పొడుగ్గా అనిపించేది.

ఏప్రిల్ మొదట్లో మాస్కు నియమం ఎత్తేశారు. టమాటాల రోజు చూసిన క్యాషియర్ ముఖం అప్పుడు మొదటిసారి చూశాను. నేను అనుకున్నదానికన్నా వయసులో పెద్దది. పెదవి పక్కన చిన్న మచ్చ ఉంది. నవ్వలేదు. 'గ్రూస్ గాట్' అంది, బవేరియాలో అందరూ చెప్పుకునే నమస్కారం. వస్తువులు అదే వేగంతో తోసింది.

ఈస్టర్‌కి రంగులేసి ఉడకబెట్టిన గుడ్లు కొనబోతే పెద్దావిడ ఆపారు. పచ్చి గుడ్డు ప్రతి దాని మీద ఒక నంబరు ముద్రించి ఉంటుంది. మొదటి అంకె కోడి ఎలా బతికిందో చెబుతుంది. 0 అంటే సేంద్రియ పద్ధతి, 1 అంటే బయట తిరిగే కోడి, 2 అంటే షెడ్డులో నేల మీద, 3 అంటే పంజరం. తరవాత దేశం, ఆ తరవాతి రెండంకెలు రాష్ట్రం. బవేరియాది 09. పంజరం గుడ్డు, అంటే 3 అంకె ఉన్నది, ఆ షెల్ఫుల్లో నాకు ఒక్కసారీ కనబడలేదు. చాలా దుకాణాలు అవి పెట్టడం మానేశాయి. కానీ ఉడకబెట్టి రంగేసిన గుడ్డు మీద ఈ నంబరు ఉండాలన్న నియమం లేదు. అందుకే ఆవిడ తెల్లగుడ్లు కొని ఉల్లిపొట్టుతో తనే రంగేసుకునేవారు. అదే ఏడాది జనవరి నుంచి మగ కోడిపిల్లల్ని పుట్టగానే చంపేయడాన్ని కూడా చట్టం నిషేధించింది. గుడ్ల అట్టల మీద ఆ మాట రాసి ఉండేది. నేను చాలాసేపు ఆ అట్ట పట్టుకుని నిలబడ్డాను. అలా చంపుతారన్న సంగతే నాకు అప్పటిదాకా తెలియదు.

పాల షెల్ఫు గురించి ఎక్కువ చెప్పను. పెరుగనుకుని క్వార్క్ కొన్నాను, క్వార్క్ అనుకుని ష్మాండ్ కొన్నాను. ఒకటి పుల్లటి మెత్తటి జున్ను లాంటిది, రెండోది వెన్నశాతం ఎక్కువున్న పుల్లటి మీగడ. ఇంకో అర డజను రకాలు ఉన్నాయి. ఒక్కొక్కటి కొని తింటే తప్ప తేడా తెలియదు. బిల్లులో ఒక వింత మాత్రం చెప్పాలి. ప్రతి వస్తువు పక్కన ఒక అక్షరం ఉంటుంది, అది పన్ను. తిండి వస్తువులకి 7 శాతం, మిగిలినవాటికి 19. ఆవుపాలకి 7, ఓట్స్ పాలకి 19. కాఫీ పొడికి 7, సీసా నీళ్ళకి 19. పెద్దావిడ బిల్లులన్నీ ఒక నోటుపుస్తకంలో ఎక్కించేవారు, ముప్ఫై ఏళ్ళ పుస్తకాలు అలమరాలో ఉన్నాయి.

మే నెలలో మాత్రం ఆవిడ లెక్క చూడకుండా కొనేది ఒకటుంది. ష్పార్గెల్, అంటే తెల్ల ఆస్పరాగస్. మట్టి గుట్టలాగా పోసి, లోపల ఎండ తగలకుండా పెంచుతారు. తల బయటికి రాకముందే ఒక్కొక్క కాడా చేత్తో కోస్తారు. అందుకే తెల్లగా ఉంటుంది, అందుకే ఖరీదు. కోసేవాళ్ళలో ఎక్కువమంది పోలండ్, రొమేనియా నుంచి ఆ కొద్ది వారాల కోసం వచ్చేవాళ్ళు. మ్యూనిక్‌లో దొరికేదాంట్లో ష్రోబెన్‌హావుజెన్ ప్రాంతానిది పేరున్నది. ఏప్రిల్ నుంచి రోడ్ల పక్కన చిన్న చెక్క కొట్లు లేస్తాయి. ఆఫీసులో అందరూ దాని గురించే మాట్లాడతారు. ఎవరి ఇంట్లో ఎన్నోసారి వండారో చెప్పుకుంటారు. ఇంత మౌనంగా ఉండే మనుషులు ఒక కూరగాయ కోసం ఇంత సంబరపడటం చూసి నాకు చాలా ముచ్చటేసింది.

పెద్దావిడ నాకు చెక్కు తీయడం నేర్పారు. తల కింద నుంచి మొదలుపెట్టి కిందికి, మందంగా తీయాలి. చెక్కులు పారేయకుండా ఉడకబెట్టి, ఆ నీళ్ళతోనే సూప్. రెండు కాడల్ని ఒకదానికొకటి రాస్తే కీచుమంటే తాజావి. జూన్ 24న, సెయింట్ జాన్ పండగ రోజు, కోత ఆపేస్తారు. మొక్క కోలుకుని మళ్ళీ ఏడాదికి బలం పుంజుకోవాలి కదా. జూన్ చివరి శనివారం వెళితే చెక్క కొట్టు లేదు. గడ్డి మీద అది నిలబడ్డ చోటు పసుపుగా మిగిలింది. షాపులో వేరే దేశం నుంచి వచ్చినవి తరవాత కూడా దొరుకుతాయేమో అని అడిగాను. ఆవిడ నా వైపు ఎలా చూశారంటే, ఇక ఎప్పుడూ అడగలేదు.

రొట్టె సంగతి మరిచిపోకూడదు. సాయంత్రం భోజనానికి ఇక్కడ పేరే 'సాయంత్రపు రొట్టె'. చాలా ఇళ్ళలో రాత్రికి పొయ్యి వెలిగించరు. రై అనే ధాన్యం పిండితో పులియబెట్టి చేసిన ముదురు రంగు రొట్టె, వెన్న, జున్ను, ఒక ఊరిన దోసకాయ, అంతే. యునెస్కో జర్మన్ సంఘం 2014లో రొట్టె సంస్కృతిని దేశ వారసత్వ జాబితాలో చేర్చింది. నాకు మొదట ఆ రొట్టె గట్టిగా, పుల్లగా, తినడానికి కష్టంగా ఉండేది. ఇప్పుడు మెత్తటి రొట్టె తింటే ఏమీ తిన్నట్టు ఉండదు. బేకరీలో 'కోసి ఇవ్వాలా?' అని అడుగుతారు. పెద్దావిడ వద్దనేవారు, ముక్కలు కోస్తే త్వరగా ఎండిపోతుందని.

జూలైలో ఒక సాయంత్రం ఇంగ్లిష్ గార్డెన్‌కి వెళ్ళాను, నగరం మధ్యలో ఉన్న చాలా పెద్ద పార్కు. గడ్డి మీద వందలమంది కుర్రకారు. బీరు తాగినవాళ్ళు సీసాని చెత్తడబ్బాలో వేయకుండా దాని పక్కన, నేల మీద నిలబెట్టి వెళుతున్నారు. ఇంత శుభ్రం పాటించేవాళ్ళు ఇలా చేస్తారేమిటి అనుకున్నాను. కాసేపటికి ఒక పెద్దాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, శుభ్రంగా దువ్వుకున్న తల, చేతిలో చక్రాల సంచి. ఆ సీసాలన్నీ ఒక్కొక్కటీ సంచిలో పెట్టుకుని తరవాతి డబ్బా దగ్గరికి వెళ్ళాడు. ఎనిమిదేసి సెంట్లు. డబ్బాలో చెయ్యి పెట్టి వెతుక్కునే అవసరం రాకుండా వాళ్ళు బయట నిలబెడుతున్నారన్నమాట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిలబెట్టిన చేతుల మర్యాద నాకు అర్థమైంది, ఎవరూ అతని వైపు చూడకపోవడం కూడా మర్యాదే. అయినా జీవితమంతా పని చేసినట్టు కనబడే మనిషి ఎనిమిది సెంట్ల కోసం చీకట్లో తిరగాల్సి రావడం ఆ మర్యాదతో సరిపోయే విషయం కాదు. మరుసటి శనివారం పెద్దావిడకి చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, తనకి తెలిసిన ఒకావిడ, పాత సహోద్యోగి, అలాగే వెళుతుందని, ఎవరికీ తెలియకూడదని ట్రామ్ ఎక్కి వేరే పేటకి వెళుతుందని చెప్పారు. షాపులో సీసాల మెషీన్ మీద కొన్ని చోట్ల విరాళం మీట ఉంటుంది. నొక్కితే ఆ డబ్బు 'టాఫెల్'కి వెళుతుంది. మిగిలిపోయిన సరుకులు సేకరించి లేనివాళ్ళకి పంచే సంస్థలవి. మొదటిది 1993లో బెర్లిన్‌లో మొదలైంది. ఆ రోజు నుంచి నేను అలాంటి మెషీన్ దొరికినప్పుడల్లా ఆ మీట నొక్కుతాను. అది చాలదని నాకు తెలుసు.

సెప్టెంబరులో ఇంకా ఎండ కాస్తుండగానే క్రిస్మస్ లేబ్‌కూఖెన్ బిస్కెట్లు షెల్ఫులోకి వచ్చాయి. అందరూ ఇంత ముందుగా ఏమిటని విసుక్కుంటూనే ఒక ప్యాకెట్టు తీసుకున్నారు.

ఆ ఏడాది డిసెంబరు 24 శనివారం పడింది. 25 ఆదివారం, 26 కూడా పండగ సెలవు. షాపులు శనివారం మధ్యాహ్నం రెండుకి మూస్తే మళ్ళీ మంగళవారం పొద్దున్నే తెరిచేది. పెద్దావిడకి జలుబు చేసి బయటికి రాలేదు. ఆవిడ జాబితా కూడా నేనే తీసుకెళ్ళాను, పెన్సిల్‌తో రాసి, ప్రతి దాని పక్కన కిలో ధర ఎంత దాటకూడదో వేసి ఇచ్చారు. ట్రాలీలు ఒకదాని వెనక ఒకటి. టమాటాలు తూచి స్టిక్కర్ అంటించాను. బరువైనవి ముందు పెట్టాను. నా వెనకావిడ కోసం అడ్డుకర్ర పెట్టాను. క్యాషియర్ లాగేస్తుంటే నేను తోసేశాను. అంత రద్దీలో కూడా ప్రతి ఒక్కరూ వెళ్ళేముందు ఆగి, ఆవిడ కళ్ళలోకి చూసి పండగ శుభాకాంక్షలు చెబుతున్నారు. ఆవిడ ప్రతిసారీ చేతులు ఆపి జవాబిస్తోంది. నేనూ చెప్పాను.

బల్ల దగ్గర సర్దుకుని, పెద్దావిడ జాబితా మళ్ళీ చూసుకుంటే వెన్న మరిచిపోయాను. మళ్ళీ లోపలికి వెళ్ళి, క్యూలో నిలబడి, బయటికి వచ్చేసరికి రెండైంది. వెనకాల తలుపు తాళం పడింది. మంచు సన్నగా తడిగా ఉంది. రెండు సంచులూ బరువుగా ఉండటంతో రెండు స్టాపులకీ ట్రామ్ ఎక్కుదామని నిలబడ్డాను.

పది నిమిషాలకి ఆ క్యాషియర్ వచ్చింది. యూనిఫాం మీద నీలం కోటు, మెడకి ఉన్ని మఫ్లర్, చేతిలో గుడ్డసంచి. అందులోంచి కోయని రొట్టె ఒకటి బయటికి కనబడుతోంది. నన్ను చూసి తల ఊపింది. పక్కన నిలబడి చేతి వేళ్ళు రెండుసార్లు ముడిచి విప్పింది, జేబుల్లో పెట్టుకుంది.

"మంగళవారం దాకా," అంది. అప్పుడు నవ్వింది.

"మంగళవారం దాకా," అన్నాను నేను.

ఆవిడ ట్రామ్ ముందు వచ్చింది.